169.254 అంటే ఎవరూ పలకలేదని అర్థం

ప్రశ్న: మా ఇంట్లో రౌటర్‌కు వైరుతో కలిపిన డెస్క్‌టాప్ ఉంది, విండోస్ 10. పది రోజులుగా దానికి నెట్ రావడం లేదు. కింద మూలన పసుపు త్రికోణం, ‘అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్’ అన్న మాట. ట్రబుల్‌షూటర్ నడిపితే ఈథర్‌నెట్‌కు సరైన ఐపీ కాన్ఫిగరేషన్ లేదంటుంది, అక్కడితో సరి. ఇంట్లో నాలుగు ఫోన్లు, టీవీ అదే రౌటర్ మీద చక్కగా నడుస్తున్నాయి. మొన్న మా తమ్ముడు వచ్చి అడ్రస్ చేత్తో 192.168.1.10 అని కొట్టాడు. వెంటనే నెట్ వచ్చింది. మూడో రోజు ఎందుకో రౌటర్ ఆపి మళ్లీ వేశాం. కాసేపటికి కంప్యూటర్‌లో ‘ఐపీ అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్’ అని వచ్చింది, అదే టైమ్‌కి నా ఫోన్‌లో వైఫై పోయింది. భయమేసి మళ్లీ ఆటోమేటిక్‌కు మార్చేశాను. ఇప్పుడు 169.254.83.17 అని చూపిస్తోంది, నెట్ మాత్రం లేదు. రిపేర్‌కు పిలిచినతను విండోస్ పాడైంది, ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నాడు. నా పని ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, ఒకటే టెన్షన్. ఫార్మాట్ తప్పదా? అన్నట్టు, నెల కిందట ఆఫీసు పని కోసం ఒక వీపీఎన్, అదే ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే సాఫ్ట్‌వేర్, వేసుకుని, పని అయ్యాక తీసేశాను. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉంటుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఫార్మాట్ అక్కర్లేదు. మీ బాధ చిన్నదని కాదు గానీ, దానికి ఫార్మాట్ అనడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. పైగా ఆ ఎలుక మీ కంప్యూటర్‌లో కాకుండా రౌటర్‌లో ఉంటే? ఇల్లు కాలినా ఎలుక క్షేమంగానే ఉంటుంది.

మీ ఉత్తరంలో మంచి ఆధారాలు మూడున్నాయి. వాటిలో ఒకటి మీరు ‘అన్నట్టు’ అంటూ చివర్లో పెట్టిన వీపీఎన్ ముక్క. డాక్టరు గది గుమ్మం దాటుతూ ‘ఇంకో సంగతండీ’ అని చెప్పే మాటలో అసలు విషయం బయటపడుతుంది చూడండి, ఇదీ అలాంటిదే అనిపిస్తోంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం. ముందు ఆ 169.254 సంగతి తేలాలి.

నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఒక్కో నంబరు ఉంటుంది, అదే ఐపీ అడ్రస్. ఈ 169.254 మీ రౌటర్ ఇచ్చిన అడ్రస్ కాదు. మీ కంప్యూటర్ తనకు తానే పెట్టుకున్నది.

కంప్యూటర్ ఆన్ కాగానే దానికి తన అడ్రస్ తెలియదు, రౌటర్ అడ్రస్ కూడా తెలియదు. అందుకని ఆ నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ వినపడేలా ఒక కేక వేస్తుంది: ‘ఇక్కడ అడ్రస్‌లు ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?’ దీని పేరు డిస్కవర్. రౌటర్‌లో డీహెచ్‌సీపీ సర్వర్ అని ఒకటి ఉంటుంది, అడ్రస్‌లు పంచడమే దాని పని. అది విని, ‘192.168.1.23 ఖాళీగా ఉంది, కావాలా?’ అంటుంది. అది ఆఫర్. ‘సరే, అదే ఇవ్వండి’ అనేది రిక్వెస్ట్. ‘రాసుకున్నాను, రేపు ఈ వేళ దాకా అది నీదే’ అనేది ఎకనాలెడ్జ్. మొత్తం నాలుగు మాటలు. అన్నీ సవ్యంగా ఉంటే మీరు కుర్చీ దగ్గరకు లాక్కునే లోపే అయిపోతాయి. కంప్యూటర్ కేక రౌటర్ వైపు 67 అనే పోర్టుకు వెళ్తుంది, జవాబు కంప్యూటర్‌లో 68 అనే పోర్టుకు వస్తుంది. పోర్టు అంటే ఇక్కడ వైరు గుచ్చే రంధ్రం కాదు, ఒక్కో రకం మాటకు కేటాయించిన తలుపు నంబరు. ఈ 68ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దానితో పని ఉంది.

ఈ పద్ధతి మొదట 1993లో వచ్చింది. ఇప్పుడు మన ఇళ్లలో నడిచే దానికి ఆధారం 1997 నాటి పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 2131 (ఇంటర్నెట్ పద్ధతులను రాసిపెట్టే పత్రాల వరుసలోది). అంతకు ముందు ఆఫీసుల్లో ఒకాయన దగ్గర నోటుబుక్ ఉండేది, ఏ కంప్యూటర్‌కు ఏ నంబరు ఇచ్చాడో అందులో రాసుకునేవాడు. ఆయన సెలవు పెట్టిన రోజు కొత్త కంప్యూటర్‌కు నెట్‌వర్క్ లేనట్టే. డీహెచ్‌సీపీ చేసేది ఆ నోటుబుక్ పనే.

కేకకు జవాబు రాకపోతే విండోస్ కొంతసేపు మళ్లీ మళ్లీ అడుగుతుంది. లాభం లేదనుకున్నాక 169.254తో మొదలయ్యే సంఖ్యల్లోంచి ఒకటి తనే ఎంచుకుంటుంది. దాన్ని ఇంకెవరూ వాడటం లేదని చూసుకుని మరీ పెట్టుకుంటుంది. ఆ వరుసను ఇలాంటి అవసరానికే విడిగా ఉంచారు. విండోస్ 98 నాటి నుంచీ ఉన్న ఏర్పాటే ఇది. దానితో పక్కపక్కనున్న రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవచ్చు గానీ బయటి ఇంటర్నెట్‌కు దారి ఉండదు. ఆ అడ్రస్ పెట్టుకున్నాక కూడా విండోస్ ఊరుకోదు, ఐదు నిమిషాలకోసారి మళ్లీ కేక వేసి చూస్తుంది. అంటే 169.254 కనిపించినప్పుడు మనం చదవాల్సింది ‘విండోస్ పోయింది’ అని కాదు, ‘అడిగాను, ఎవరూ పలకలేదు’ అని. యాపిల్ మాక్‌లో అయితే ‘సెల్ఫ్ అసైన్డ్ ఐపీ’ అని ఉన్నమాట నేరుగానే చెప్పేస్తుంది.

పలక్కపోవడానికి దారులు మూడే. కేక బయటికే వెళ్లలేదు. లేదా వెళ్లింది గానీ రౌటర్ దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. లేదా రౌటర్ ఇచ్చింది గానీ ఆ జవాబు కంప్యూటర్ లోపలికి రాలేదు. ఈ మూడింటిలో మీది ఏదో తేల్చుకుంటే చాలు. ఆ పని సగం మీ తమ్ముడు చేసేశాడు, తనకు తెలియకుండానే.

అతను చేత్తో అడ్రస్ కొట్టగానే నెట్ వచ్చింది కదా. అంటే వైరు బాగుంది, దాని రెండు చివర్లు బాగున్నాయి, కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కార్డు, దాని డ్రైవర్ బాగున్నాయి, రౌటర్ వెనక మీరు గుచ్చిన రంధ్రం బాగుంది. ఇందులో ఏ ఒక్కటి పోయినా చేత్తో కాదు, ఏం చేసి కొట్టినా నెట్ వచ్చేది కాదు. కాబట్టి రేపు ఎవరైనా వచ్చి కార్డు మార్చాలి, కేబుల్ మార్చాలి అంటే ఒప్పుకోకండి. చెడింది ఆ నాలుగు మాటల సంభాషణ ఒక్కటే.

రెండో ఆధారం మూడో రోజు గొడవ. చాలామంది ఇక్కడ తమ్ముణ్ని తిడతారు, నేను తిట్టను. 192.168.1.10 అనే నంబరు రౌటర్ పంచే వరుసలోదే అయ్యుంటుంది. మీ కంప్యూటర్ దాన్ని సొంతంగా వాడుకుంటోందని రౌటర్‌కు ఎవరూ చెప్పలేదు, దాని పుస్తకంలో 10 ఖాళీ. మూడో రోజు మీరు రౌటర్ ఆపి మళ్లీ వేశారు. చాలా ఇంటి రౌటర్లలో ఆ పుస్తకం ఆపిన మరుక్షణం చెరిగిపోతుంది. తిరిగి లేచాక ఫోన్లకు కొత్తగా పంచుతూ మీ ఫోన్‌కు 10 ఇచ్చింది. ఒకే నంబరుకు ఇద్దరు, ఇక కాన్‌ఫ్లిక్ట్ రాక ఏమవుతుంది?

ఇప్పుడు దీన్ని ఇటు తిప్పి చూడండి. ఆ రోజు మీ ఫోన్‌కు రౌటర్ కొత్తగా అడ్రస్ ఇచ్చింది. అంటే రౌటర్‌లో డీహెచ్‌సీపీ సర్వర్ బతికే ఉంది, దాని దగ్గర ఖాళీలూ ఉన్నాయి. అదే రోజు మీరు కంప్యూటర్‌ను ఆటోమేటిక్‌కు మారిస్తే దానికి మాత్రం దొరకలేదు. అందుకే నా అనుమానం రౌటర్ మీద కంటే కంప్యూటర్ మీదే ఎక్కువ.

అయినా రౌటర్‌ను పూర్తిగా వదిలేయమనను. దానికి నా సొంత అనుభవం కారణం. కొన్నేళ్ల కిందట నా పాత ల్యాప్‌టాప్‌కు ఇదే తెగులు వచ్చింది. డ్రైవర్ తీసి మళ్లీ వేశాను, వైరు మార్చాను, చివరికి అర్ధరాత్రి దాటాక విండోస్ మొత్తం కొత్తగా ఎక్కించాను. తెల్లారుతుండగా ఆవులిస్తూ చూస్తే కడిగిన ముత్యంలాంటి కొత్త విండోస్‌లో అదే 169.254! అప్పుడు గానీ రౌటర్ పేజీ తెరవాలని తట్టలేదు. అడ్రస్‌లు పంచే వరుస 192.168.1.2 నుంచి 192.168.1.11 దాకా ఉంది. పదే పది. ఎవరో నా వైఫై దొంగతనంగా వాడుతున్నారన్న అనుమానంతో ఎప్పుడో ఆ హద్దు పెట్టింది నేనే. పెట్టినప్పుడు ఇంట్లో మూడు పరికరాలు. తర్వాత ఫోన్లు, టీవీ, ప్రింటర్, కెమెరా ఒక్కొక్కటిగా చేరి పదీ నిండాయి. ల్యాప్‌టాప్ పదకొండోది.

ఆ రాత్రంతా నన్ను తప్పుదారి పట్టించింది ‘ఫోన్లన్నీ పనిచేస్తున్నాయి కదా’ అన్న ఒక్క మాటే. మీరూ అదే రాశారు. ఫోన్లకు నిన్నటి నుంచే అడ్రస్ ఉంది. గడువులో సగం కాగానే అవి వెళ్లి పొడిగించుకుంటాయి, వాటి చోటు ఎప్పుడూ ఖాళీ కాదు. రెండ్రోజులు ఆపి ఉంచిన డెస్క్‌టాప్‌కు గడువు తీరిపోతుంది, ఆ చోటు ఇంకొకరు ఎక్కేస్తారు. కాబట్టి పాత ఫోన్లు నడవడం రౌటర్ కొత్తవాళ్లకు అడ్రస్ ఇస్తోందనడానికి రుజువు కాదు. వైఫైని ‘ఫర్‌గెట్’ కొట్టి మళ్లీ కలిపి చూస్తే? అదీ చాలదు. రౌటర్ ఆ ఫోన్‌ను హార్డ్‌వేర్ నంబరు బట్టి గుర్తుపట్టి పాత చోటే ఇచ్చేస్తుంది. ఆ రౌటర్ ఎన్నడూ చూడని పరికరం కావాలి. ఇంటికి వచ్చిన చుట్టాల ఫోనైనా సరే. లేదా మీ ఫోన్‌లోనే ఒక కిటుకు ఉంది. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి అసలు హార్డ్‌వేర్ నంబరు చెప్పకుండా ఒక మారు నంబరు చెబుతున్నాయి. వైఫై సెట్టింగుల్లో ‘ప్రైవసీ’ అన్నచోట దాన్ని అసలు నంబరుకు మార్చి కలిపితే రౌటర్ కంటికి అది కొత్త ఫోనే. అప్పుడు ‘అబ్టైనింగ్ ఐపీ అడ్రస్’ దగ్గరే గింగిరాలు తిరుగుతూ ఉండిపోతే రౌటర్ దగ్గర చోటు లేదని అర్థం. వెంటనే కలిస్తే రౌటర్ నిర్దోషి. పని అయ్యాక ఆ సెట్టింగ్‌ను మళ్లీ ఎప్పట్లా పెట్టేయండి.

రౌటర్ పేజీలో కూడా ఒకసారి చూడండి. ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టి, రౌటర్ అడుగున ఉన్న స్టిక్కర్ మీది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తే తెరుచుకుంటుంది. డీహెచ్‌సీపీ అన్న పేజీలో వరుస మొదలు, చివర, గడువు, ఎవరెవరికి ఇచ్చిందో జాబితా ఉంటాయి. చూడకముందే రౌటర్ ఆపి మళ్లీ వేయకండి, ఆధారాలన్నీ చెరిగిపోతాయి. జాబితాలో వరుస నిండా పేర్లుంటే చివరి నంబరు పెంచండి, అక్కడితో కథ అయిపోయింది. ఖాళీలుంటే రౌటర్‌ను వదిలేసి కంప్యూటర్ ముందుకు రండి.

కంప్యూటర్ వైపు మొదటి పరీక్షకు యూఎస్‌బీ వైరు ఒక్కటి చాలు. మీ ఫోన్‌ను దానితో డెస్క్‌టాప్‌కు గుచ్చి, ఫోన్ సెట్టింగుల్లో ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయండి. ఇప్పుడు అడ్రస్ ఇచ్చేది రౌటర్ కాదు, ఫోను. దాని నుంచి కూడా కంప్యూటర్ 169.254 దగ్గరే ఆగిపోతే తప్పు పూర్తిగా కంప్యూటర్‌దే. ఫోన్ నుంచి అడ్రస్ తీసుకుని నెట్ వచ్చేస్తే విండోస్‌కు అడగడం వచ్చనీ, వినడం వచ్చనీ తేలినట్టే. తేడా ఆ ఈథర్‌నెట్ కార్డు సెట్టింగుల్లోనో, రౌటర్‌లోనో ఉన్నట్టు. అర్జంటు పనేదైనా ఉంటే ఆ నెట్‌తోనే కానిచ్చుకోవచ్చు కూడా.

తర్వాత స్టార్ట్ బటన్ పక్కన వెతికే చోట సీఎమ్‌డీ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. కమాండ్ ప్రాంప్ట్ కనిపిస్తుంది, దాని మీద కుడి క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. నల్లటి తెర వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని ఒకే మాటగా కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్, వెంటనే ఆల్ అని కొట్టి (ipconfig /all) ఎంటర్ నొక్కండి. చాంతాడంత వస్తుంది, కంగారుపడకండి. ‘ఈథర్‌నెట్ అడాప్టర్ ఈథర్‌నెట్’ అన్న ముక్క కింద మూడు లైన్లే మనకు కావాల్సినవి. అడాప్టర్ అంటే నెట్‌వర్క్ కార్డే. ‘డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్’ ఎదురుగా ఎస్ ఉండాలి. నో అని ఉంటే కార్డు ఇంకా చేత్తో పెట్టిన అడ్రస్ మీదే ఉంది, మీరు ఆటోమేటిక్‌కు మార్చింది ఇంకో కార్డుకు అయ్యుంటుంది. ‘ఆటోకాన్ఫిగరేషన్ ఐపీవీ4 అడ్రస్’ ఎదురుగా మీ 169.254.83.17 ఉంటుంది. ‘డిఫాల్ట్ గేట్‌వే’ ఎదురుగా ఖాళీగా ఉంటుంది, దారి చూపేవాడు లేడు కాబట్టి. అదే జాబితాలో మీరు తీసేశాననుకున్న వీపీఎన్ పేరుతో ఇంకో అడాప్టర్ కనిపిస్తే దొంగ దొరికినట్టే.

అదే తెరలో ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ (ipconfig /renew) కొట్టండి. కేక మళ్లీ వేయమని చెప్పడం ఇది. విఫలమైతే విండోస్ ఏ వాక్యం చెబుతుందో దాన్ని వదిలేయకండి, నిజానికి ట్రబుల్‌షూటర్ కంటే ఈ వాక్యమే తెలివైనది. ‘అనేబుల్ టు కాంటాక్ట్ యువర్ డీహెచ్‌సీపీ సర్వర్’ అంటే అడిగింది, గడువులోపు జవాబు రాలేదు. ‘మీడియా డిస్‌కనెక్టెడ్’ అంటే వైరు ఊడింది. ఆర్‌పీసీ సర్వర్ లేదనో, ఫైలు దొరకలేదనో అంటే అడిగే మనిషే నిద్రపోతున్నాడేమో చూడాలి. ఆ మనిషి పేరు ‘డీహెచ్‌సీపీ క్లయింట్’. వెతికే చోట సర్వీసెస్ అని కొడితే వచ్చే జాబితాలో ఉంటుంది, ఎదురుగా ‘రన్నింగ్’, ‘ఆటోమేటిక్’ అని ఉండాలి.

మీకు మొదటి వాక్యమే వస్తుందని నా అంచనా. ఇక వీపీఎన్ దగ్గరికి వద్దాం.

వీపీఎన్ సాఫ్ట్‌వేర్, కొన్ని యాంటీవైరస్ సూట్లు విండోస్‌లో ఎక్కేటప్పుడు నెట్‌వర్క్ కార్డుకు, విండోస్‌కు మధ్య ఒక కాపలాదారును నిలబెడతాయి. దాన్ని ఫిల్టర్ డ్రైవర్ అంటారు. వచ్చేపోయే ప్రతి ముక్కను అది తడిమి చూస్తుంది. దానితోపాటు, ఏది లోపలికి రావాలో ఏది ఆగాలో తేల్చే ఫైర్‌వాల్‌లో తమ సొంత నియమాలూ రాసుకుంటాయి. సాఫ్ట్‌వేర్ తీసేసినప్పుడు ఇవన్నీ మర్యాదగా లేచి వెళ్లాలి. ఒక్కోసారి వెళ్లవు. యజమాని ఇల్లు ఖాళీ చేసినా వాచ్‌మన్ గేటు దగ్గరే ఉండిపోయి అందరినీ ఆపుతున్నట్టు. మీ కేసులో ఆ వాచ్‌మన్ అందరినీ ఆపడం లేదు. ఆపితే తమ్ముడు అడ్రస్ కొట్టినప్పుడు నెట్ వచ్చేది కాదు. 68వ పోర్టుకు వచ్చే జవాబును మాత్రమే వెనక్కి పంపుతున్నాడని అనుకుంటే మీరు రాసిన లక్షణాలన్నీ సరిగ్గా సరిపోతున్నాయి.

చూడాల్సిన చోట్లు రెండు. మొదటిది కార్డు ప్రాపర్టీస్. తమ్ముడు అడ్రస్ కొట్టడానికి తెరిచిన కిటికీయే అది. అందులో చిన్న డబ్బాల్లో టిక్కులతో ఒక జాబితా ఉంటుంది: మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్స్ క్లయింట్, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్, క్యూఓఎస్ ప్యాకెట్ షెడ్యూలర్, ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4, ఇలాంటివి. వీటి మధ్యలో మీ పాత వీపీఎన్ పేరో, దాన్ని తయారుచేసినవాళ్ల పేరో ఉందేమో నిదానంగా చదవండి. ఉంటే దాని టిక్ తీసేసి ఓకే కొట్టండి. తర్వాత నల్ల తెరలో మళ్లీ రెన్యూ. చాలాసార్లు ఇక్కడే పని అయిపోతుంది.

రెండోది విండోస్ ఫైర్‌వాల్. వెతికే చోట ఫైర్‌వాల్ అని కొట్టి, ‘అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ’ అని ఉన్నదాన్ని తెరిచి, ఎడమ పక్క ‘ఇన్‌బౌండ్ రూల్స్’ నొక్కండి. అక్షర క్రమంలో ఉంటాయి. ‘కోర్ నెట్‌వర్కింగ్’తో మొదలయ్యే వాటిలో డైనమిక్ హోస్ట్ కాన్ఫిగరేషన్ ప్రోటోకాల్, డీహెచ్‌సీపీ ఇన్ అని ఒకటి ఉంటుంది. దాని పక్కన పచ్చ టిక్ ఉండాలి. బూడిద రంగులో ఉంటే ఎవరో దాన్ని ఆపేశారు, కుడి క్లిక్ చేసి ఎనేబుల్ చేయండి. జాబితాలో ఎర్ర గుర్తుతో వీపీఎన్ పేరు మీద ఏదైనా ఉంటే అది అడ్డుకునే నియమం, తీసేయొచ్చు. ఇదంతా తలనొప్పి అనిపిస్తే అదే ఫైర్‌వాల్‌లో ‘రీస్టోర్ డిఫాల్ట్స్’ ఉంది, మొదట్లో ఎలా ఉందో అలా చేసేస్తుంది. ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపేసి అలాగే వదిలేయమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. పరీక్షకు రెండు నిమిషాలు సరే, కాపురానికి కాదు.

ఇవి చేసినా మొండికేస్తే సెట్టింగుల్లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, స్టేటస్, అట్టడుగున ‘నెట్‌వర్క్ రీసెట్’. విండోస్ 11లో అయితే అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ లోపల ఉంటుంది. ఇది కార్డులన్నిటినీ పీకేసి మళ్లీ బిగిస్తుంది, దాంతో ఆ వాచ్‌మన్ కూడా వెళ్లిపోవచ్చు. మీ ఫైళ్ల జోలికి రాదు. దాచుకున్న వైఫై పాస్‌వర్డులు పోతాయి, వేరే వీపీఎన్ ఏదైనా ఉంటే మళ్లీ వేసుకోవాల్సి రావచ్చు, అంతే. మీ రిపేర్ అతను ఫార్మాట్ అనే ముందు దీన్ని నొక్కి ఉండాల్సింది. ఫార్మాట్ కొట్టినా మీ నెట్ బహుశా వచ్చేదే, అది ఒప్పుకుంటాను. ఎందుకు వచ్చిందో ఆయనకూ తెలిసేది కాదు, మీకూ తెలిసేది కాదు. ఆఫీసువాళ్లు మళ్లీ అదే వీపీఎన్ వేయించిన రోజు కథ మొదటికి వచ్చేది.

ఇంకో చిన్న మాట. పైవి ఏవి చేసినా కంప్యూటర్‌ను ‘షట్ డౌన్’ చేసి ఆన్ చేయకండి, ‘రీస్టార్ట్’ చేయండి. రెండూ ఒకటే అనుకుంటాం గానీ కాదు. ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆన్‌లో ఉన్న కంప్యూటర్లలో షట్ డౌన్ చేసినా విండోస్ తన లోపలి భాగాన్ని డిస్కులో దాచుకుని, ఆన్ చేయగానే దాన్నే తిరిగి తెచ్చుకుంటుంది. పాత చెత్త అలాగే వస్తుంది. రీస్టార్ట్ అయితే అన్నీ కొత్తగా మొదలవుతాయి.

మీది కాదు గానీ, ఇదే బాధతో ఇది చదివే మిగతావాళ్లకు రెండు ముక్కలు. చేత్తో అడ్రస్ కొట్టినా నెట్ రాకపోతే, ముందుగా వైరు కొస చూడండి. ప్లగ్ మీద చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటుంది, గుచ్చగానే టక్ మని పట్టుకునేది. అది విరిగిన వైరు చూడ్డానికి గుచ్చుకున్నట్టే ఉంటుంది, రౌటర్ మీద లైటూ వెలగొచ్చు, టేబుల్ కదిలితే చాలు ఊగుతుంది. అలాగే 169.254 కాకుండా మీ రౌటర్‌ది కాని వరుసలో అడ్రస్ వస్తుంటే, ఉదాహరణకు 192.168.1 బదులు 192.168.0 అని వస్తే, ఇంట్లో ఇంకో పాత రౌటర్ ఎక్కడో పలుకుతోంది. దానిలో డీహెచ్‌సీపీ ఆపేయండి.

ఇదంతా చేయడానికి తీరిక దొరికేదాకా మీ పని ఆగకూడదు కదా. తమ్ముడి పద్ధతే వాడండి, ఒక్క సవరణతో. రౌటర్ పంచే వరుస ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూశారు కదా, దాని బయటి నంబరు ఎంచుకోండి. వరుస 100 నుంచి 199 దాకా అయితే 192.168.1.20 భేషుగ్గా పనికొస్తుంది. వరుస 2 నుంచి 254 దాకా మొత్తం ఆక్రమించి ఉంటే మొదలును 100కు జరిపి, ఆ తర్వాత 20 వాడండి. రౌటర్ ఆపి మళ్లీ వేసి ఫోన్ల వైఫై కూడా ఒకసారి తీసి పెట్టండి, పాత నంబర్లు వదిలేస్తాయి. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1, డీఎన్‌ఎస్ దగ్గర కూడా అదే. ఇలా పెట్టిన నంబరును మీ రౌటర్ ఎవరికీ ఇవ్వదు, మీ ఫోన్‌తో గొడవా రాదు. పెట్టిన నంబరు కాగితం మీద రాసి సీపీయూ పక్కకు అంటించండి. రేపు రౌటర్ మారిస్తే, కొత్తదాని వరుస వేరైతే, ‘నెట్ ఎందుకు రావట్లేదు’ అని మళ్లీ మొదటి నుంచి వెతుక్కోకుండా ఉంటారు.

కార్డు ప్రాపర్టీస్‌లో టిక్ తీసేయగానే రెన్యూకు అడ్రస్ వస్తే ఆ వీపీఎన్ పేరు నాకు రాయండి, ఇంకొకరికి పనికొస్తుంది. రాకపోతే కూడా రాయండి, కానీ ఈసారి మూడు సంగతులతో: యూఎస్‌బీ టెథరింగ్‌తో ఏ అడ్రస్ వచ్చింది, కొత్త ఫోన్‌కు వైఫై కలిసిందా లేదా, రెన్యూ కొట్టినప్పుడు నల్ల తెర మీద వచ్చిన వాక్యం పొల్లుపోకుండా. ఫోన్‌తో ఫొటో తీసి పంపినా చాలు.